అంగ పొడవా, అంగల జోరా? రేసు గుర్రం వేగం వెనుక అసలు లెక్క

క్లుప్తంగా: ఒక్కో అంగలో గుర్రం దాటే దూరాన్ని, సెకనుకు అది వేసే అంగల సంఖ్యతో (దీన్నే ఇక్కడ అంగల జోరు అంటున్నాం) గుణిస్తే వచ్చేదే దాని వేగం. పెద్ద అంగ ఉన్న గుర్రమే గెలుస్తుందన్న మాట సగమే నిజం. గిట్ట నేలను తాకి ఉండే అతికొద్ది సమయంలో కాలు నేలను ఎంత బలంగా నెట్టగలదన్న దాన్ని బట్టి ఈ రెండూ మారుతుంటాయి. రేసు చివర్లో ఎవరి అంగ పెద్దదన్న దానికంటే, ఎవరి అంగ తగ్గకుండా నిలిచిందన్నదే ఫలితాన్ని తేలుస్తుంది.

పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ వస్తుందన్న మాట వినబడితే చాలు, హనుమకొండలోని మైదానాలు తెల్లవారకముందే నిండిపోతాయి. పరుగు పరీక్షకు సిద్ధమయ్యే యువత ఫోన్లలో శిక్షణ వీడియోలతో పాటు రేసు గుర్రాల స్లో మోషన్ వీడియోలు కూడా తిరుగుతుంటాయి. వాటి కింద వివరణ దాదాపు ఒకేలా ఉంటుంది. అంగ ఎంత పెద్దదైతే వేగం అంత ఎక్కువ అని. అదే సూత్రాన్ని మనిషికీ అంటగట్టి, కాళ్లు బాగా చాచి ఉరకాలని చెప్పేవాళ్లు ఉన్నారు. కాళ్లు ఎంత త్వరత్వరగా ఆడితే అంత వేగం, పొడవుతో పనిలేదు అనేవాళ్లూ ఉన్నారు. రెండు మాటలూ విన్నవాళ్లకు ఏది నమ్మాలో అర్థం కాదు.

ఓరుగల్లుకు గుర్రం కొత్త కాదు. కాకతీయుల సైన్యంలో అశ్వదళం ఉండేది. 1310లో మాలిక్ కాఫుర్‌తో సంధి చేసుకున్నప్పుడు ప్రతాపరుద్రుడు అప్పగించిన వాటిలో ఏనుగులతో పాటు గుర్రాలూ ఉన్నాయి. ఇప్పుడు ఉత్తర తెలంగాణలో గుర్రం కనిపించేది ఎక్కువగా పెళ్లి బరాత్‌లలోనే. రేసు చూడాలంటే వరంగల్ నుంచి సుమారు 140 కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్ మలక్‌పేటకు పోవాలి. మామునూరులో, కోరుట్లలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి కాబట్టి జంతువుల ఎముకలు, కండరాల పనితీరు చదివే విద్యార్థులకు మాత్రం ఇక్కడ కొదవ లేదు. అంగ పొడవు, అంగల జోరు గురించిన చర్చ వాళ్లకు పాఠ్యాంశం లాంటిదే. మైదానంలో ఉరికేవాళ్లకు అది నేరుగా పనికొచ్చే విషయం.

దౌడులో ఒక అంగ అంటే

గుర్రం నడిచేటప్పుడు, ట్రాట్‌లో (నెమ్మది పరుగు), క్యాంటర్‌లో (మధ్యస్థ పరుగు), దౌడులో (నిండు పరుగు) కాళ్లు పడే వరుస వేర్వేరుగా ఉంటుంది. పోటీలో కనిపించేది దౌడు. ఇందులో నాలుగు గిట్టలూ నాలుగు వేర్వేరు క్షణాల్లో నేలను తాకుతాయి. ముందుగా ఒక వెనక కాలు, వెంటనే రెండో వెనక కాలు, తర్వాత ఒక ముందుకాలు, చివరగా రెండో ముందుకాలు. ఈ చివరి కాలు నేల విడిచాక గుర్రం మొత్తంగా గాలిలో ఉంటుంది. మళ్లీ మొదటి వెనక గిట్ట నేలను తాకేసరికి ఒక అంగ పూర్తయినట్టు.

ఇదంతా అర సెకను లోపే జరిగిపోతుంది కాబట్టి కంటికి చిక్కదు. ఒకప్పుడు యూరప్ చిత్రకారులు రేసు గుర్రాన్ని ముందుకాళ్లు ముందుకు, వెనక కాళ్లు వెనక్కి చాచి గాలిలో తేలుతున్నట్టు గీసేవారు. 1878 జూన్‌లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ ట్రాక్ పక్కన వరుసగా కెమెరాలు పెట్టి దౌడు తీస్తున్న గుర్రాన్ని ఫొటోలు తీశాకే అసలు సంగతి తెలిసింది. గుర్రం పూర్తిగా గాలిలో ఉండేది కాళ్లు చాచినప్పుడు కాదు, నాలుగు కాళ్లూ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. ఆ ఫొటోలు వచ్చి దాదాపు ఒకటిన్నర శతాబ్దం కావస్తున్నా, పెద్ద అంగ అంటే కాళ్లు బాగా చాచడమేనన్న అభిప్రాయం మాత్రం పోలేదు.

పోటీ గుర్రం నిండు వేగంలో ఒక్కో అంగకు దాదాపు 6 నుంచి 7.5 మీటర్లు దాటుతుంది. దాని ఒంటి పొడవు రెండున్నర మీటర్ల లోపే. కాలు ఎంత చాచినా ఏడు మీటర్లు రావడం అసాధ్యం. మరి ఆ దూరం ఎక్కడి నుంచి వస్తుంది? ఒక్కో గిట్ట నేల మీద ఉండేది సుమారు 0.09 సెకన్లు. ఆ కాస్త సమయంలోనే ఒళ్లు ఆ గిట్ట మీదుగా ఒకటిన్నర మీటర్ల దాకా ముందుకు పోతుంది. నాలుగు కాళ్లూ వంతులవారీగా ఇదే పని చేస్తాయి. ఒకదాని వంతు పూర్తికాకముందే ఇంకొకటి అందుకుంటుంది. వీటికి తోడు గాలిలో ఉన్నంతసేపు దాటే దూరం ఉంటుంది. అంగ పొడవు అంటే నిజానికి ఇవన్నీ కలిసిన మొత్తం. కాలి పొడవు అందులో ఒక భాగం మాత్రమే.

మనిషి పరుగుతో పోల్చేవాళ్లు ఇక్కడే తడబడతారు. మనిషికి అడుగు వేరు, అంగ వేరు. కుడి పాదం నేలను తాకి, మళ్లీ కుడి పాదమే తాకేదాకా ఒక అంగ. అంటే రెండు అడుగులు. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 9.58 సెకన్లలో 100 మీటర్లు పూర్తిచేసినప్పుడు వేసినవి దాదాపు 41 అడుగులు. సగటున అడుగుకు 2.44 మీటర్లు, సెకనుకు 4.3 అడుగులు. అంగల్లోకి మారిస్తే అంగకు 4.9 మీటర్లు, సెకనుకు 2.1 అంగలు. రేసు గుర్రం సెకనుకు వేసే అంగలు 2.2 నుంచి 2.5 దాకా. అంటే కాళ్లు ఆడే జోరులో బోల్ట్‌కూ గుర్రానికీ పెద్ద తేడా లేదు. గుర్రం మనిషిని వెనక్కి నెట్టేది ఎక్కువగా ఒక్కో అంగలో దాటే దూరంతోనే. పెద్ద అంగ సిద్ధాంతానికి అంత పలుకుబడి రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. మనిషికీ గుర్రానికీ మధ్య తేడా చెప్పడానికి ఆ సిద్ధాంతం సరిపోతుంది. ఒక గుర్రానికీ ఇంకో గుర్రానికీ మధ్య తేడా చెప్పడానికి మాత్రం సరిపోదు.

గుణకారంలోని చిక్కు

ఒక గుర్రం 7.2 మీటర్ల అంగతో సెకనుకు 2.25 అంగలు వేస్తోందనుకుందాం. దాని వేగం సెకనుకు 16.2 మీటర్లు, అంటే గంటకు 58 కిలోమీటర్ల పైనే. దాని పక్కన ఇంకో గుర్రం 6.6 మీటర్ల అంగతోనే సెకనుకు 2.45 అంగలు వేస్తే దాని వేగమూ ఇంచుమించు అంతే. 1200 మీటర్ల పందెంలో మొదటిది వేసే అంగలు 167, రెండోది 182. చూసేవాళ్లకు మొదటి గుర్రం తీరిగ్గా, రెండోది కష్టపడి ఉరుకుతున్నట్టు అనిపిస్తుంది. ముగింపు గీత దగ్గర రెండూ పక్కపక్కనే ఉంటాయి.

చిన్న మార్పు ఎంత పని చేస్తుందో కూడా చూడాలి. 6.8 మీటర్ల అంగ, సెకనుకు 2.35 అంగలు ఉన్న గుర్రానికి 1600 మీటర్లు పూర్తిచేయడానికి సుమారు 100 సెకన్లు పడుతుంది. జోరు తగ్గకుండా అంగ 10 సెంటీమీటర్లు పెరిగితే దాదాపు ఒకటిన్నర సెకను మిగులుతుంది. అంటే 20 మీటర్లకు పైగా ముందు ఉంటుంది. పందెంలో అది భారీ తేడా. కానీ ఆ 10 సెంటీమీటర్ల కోసం అంగల జోరు 2.35 నుంచి 2.31కి జారితే, వచ్చిన లాభమంతా పోయి గుర్రం ఇంతకు ముందుకంటే నెమ్మదిస్తుంది. 2.35కూ 2.31కీ తేడా కంటితో పట్టుకోవడం ఎవరివల్లా కాదు. స్లో మోషన్‌లో అంగ పొడవు ఒక్కటే చూసి గుర్రాన్ని అంచనా వేయడం ఎందుకు తప్పో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

గుర్రం వేగం పెంచుకునే తీరులోనూ ఒక వరుస కనిపిస్తుంది. నెమ్మది దౌడు నుంచి వేగం అందుకునేటప్పుడు ఎక్కువగా పెరిగేది అంగ పొడవు, జోరు పెరుగుదల తక్కువ. నాలుగు కాళ్ల జంతువుల్లో చాలావాటికి ఇది వర్తిస్తుందని, ఒళ్లు పెద్దదయ్యేకొద్దీ అంగల జోరు తగ్గుతుందని ఎలుక నుంచి గుర్రం దాకా కొలిచిన పరిశోధన 1974లోనే వచ్చింది. ఎలుక దౌడులో సెకనుకు ఏడెనిమిది అంగలు వేస్తుంది. గుర్రం వేసేది రెండు, రెండున్నర.

కాలు ఇంకా త్వరగా ఎందుకు ఆడదు

సెకనుకు మూడు అంగలు వేస్తే గుర్రం గంటకు 75 కిలోమీటర్లు దాటాలి కదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. జవాబు కాలి నిర్మాణంలో ఉంది.

ఒక అంగకు పట్టే సమయంలో రెండు భాగాలు ఉంటాయి. గిట్ట నేల మీద ఉండే సమయం ఒకటి, అదే కాలు గాలిలో వెనక నుంచి ముందుకు వచ్చే సమయం రెండోది. నిండు వేగంలో మొదటిది 0.09 సెకన్ల దగ్గర, రెండోది 0.33 సెకన్ల దగ్గర ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ బాగా తగ్గేది మొదటి భాగమే. కాలు ముందుకు వచ్చే సమయం ఒక హద్దు దాటి తగ్గదు. పొడవైన కాలును వెనక్కి పోనిచ్చి, ఆపి, మళ్లీ ముందుకు విసరడానికి చాలా శక్తి కావాలి.

గుర్రం కాలు ఈ ఇబ్బందిని తగ్గించుకునేలా తయారైంది. మోకాలి కింద బరువైన కండరాలు దాదాపు లేవు. ఎముక, దాని వెంట పొడవాటి స్నాయుబంధనాలు, చివర గిట్ట, అంతే. బరువంతా భుజం, తుంటి దగ్గర ఉంటుంది కాబట్టి కాలి చివరి భాగం తేలిగ్గా కదులుతుంది. దానికి తోడు ముందుకాలిలో ఇంకో ఏర్పాటు ఉంది. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీకి చెందిన అలన్ విల్సన్ బృందం 2003లో దీన్ని వివరించింది. కాలు నేల మీద ఉండి ఒళ్లు దాని మీదుగా ముందుకు పోతున్నప్పుడు, ముందుకాలి పైభాగంలోని బైసెప్స్ కండరంలో ఉన్న స్నాయువు సాగుతుంది. గిట్ట నేల విడవగానే, సాగదీసి వదిలిన గులేరులా ఆ శక్తి ఒక్కసారిగా బయటపడి కాలును ముందుకు విసురుతుంది. కండరం తన సొంత బలంతోనే ఈ పని చేయాలంటే అది ఎన్నో రెట్లు పెద్దగా ఉండాల్సి వచ్చేది.

కాలు ముందుకొచ్చే సమయం ఇలా ఇంచుమించు స్థిరంగా ఉంటే, వేగంలో తేడాలు ఎక్కడి నుంచి వస్తాయి? మనుషుల మీద పీటర్ వేయండ్ బృందం 2000లో చేసిన ప్రయోగం దీనికి దారి చూపింది. వేగంగా ఉరికేవాళ్లు, నెమ్మదిగా ఉరికేవాళ్లు తమ తమ గరిష్ఠ వేగంలో కాలును గాలిలో ముందుకు తెచ్చుకునే సమయంలో పెద్ద తేడా లేదు. తేడా అంతా పాదం నేలను నెట్టే బలంలో ఉంది. వేగం పెరిగేకొద్దీ పాదం నేల మీద ఉండే సమయం తగ్గిపోతుంది. ఆ తగ్గిన సమయంలోనే ఒంటి బరువును మోసి పైకి, ముందుకు పంపగలిగినవాళ్లే వేగం అందుకోగలరు.

గుర్రానికి ఈ భారం మామూలుది కాదు. నిండు దౌడులో ఒక్కో ముందుకాలి మీద పడే గరిష్ఠ బలం ఒంటి బరువుకు దాదాపు రెండున్నర రెట్లు. 500 కిలోల గుర్రానికి అది 1,200 కిలోలకు పైమాటే, అదీ ఒక్క కాలి మీద. ఇంత భారాన్ని పదో వంతు సెకనులో మోసి విడిచిపెట్టగల కాలు ఉంటేనే అంగ పొడవూ పెరుగుతుంది, జోరూ నిలుస్తుంది. కాబట్టి ‘పొడవా, జోరా’ అన్న ప్రశ్న కంటే ‘నేలను ఎంత బలంగా, ఎంత త్వరగా నెట్టగలదు’ అన్న ప్రశ్నే సరైనది.

ఊపిరి కూడా అంగతోనే

మనిషి ఉరుకుతూ తనకు వీలైనట్టు ఊపిరి తీసుకోగలడు. దౌడు తీసే గుర్రానికి ఆ వీలు లేదు. ఒక అంగకు ఒక శ్వాస, అంతే. కాళ్లు గాలిలో ముడుచుకుని, వెనక కాళ్లు నేలను అందుకునే దశలో గాలి లోపలికి వస్తుంది. ముందుకాళ్లు బరువు మోసే దశలో బయటికి పోతుంది. పైగా గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, ముక్కుతోనే పీల్చాలి.

సెకనుకు 2.3 అంగలంటే నిమిషానికి సుమారు 138 శ్వాసలు. ఒక్కో శ్వాసకు పది లీటర్లకు పైగా గాలి కాబట్టి నిమిషానికి 1,500 లీటర్లు దాటిపోతుంది. అంగల జోరు పెంచితే శ్వాసల సంఖ్య పెరుగుతుంది, కానీ ఒక్కో శ్వాసకు దొరికే సమయం తగ్గుతుంది. పొడవైన అంగకు శ్వాస లోతుగా ఉంటుంది, సంఖ్య తగ్గుతుంది. దూరం పందేలకు కాస్త నిదానమైన జోరు, పొడవైన అంగ నప్పుతుందన్న శిక్షకుల అనుభవానికి ఇదొక ఆధారం. గొంతులో గాలి దారి ఇరుకైన గుర్రాలు చివర్లో చతికిలబడడానికి కూడా ఇదే కారణం. వాటి కాళ్లలో బలం ఉన్నా, ఆ జోరుకు సరిపడా గాలి అందదు.

పొట్టి దూరాలకు పనికొచ్చే గుర్రాల ఒళ్లు వేరుగా ఉండడానికి జన్యువుల పాత్ర కూడా ఉంది. కండరాల పెరుగుదలను అదుపు చేసే మయోస్టాటిన్ జన్యువులోని తేడా బట్టి థరోబ్రెడ్ (పందేల కోసం పెంచే జాతి) గుర్రం పొట్టి పందేనికా, మధ్య దూరానికా, పొడుగు దూరానికా ఎక్కువగా నప్పేదన్నది అంచనా వేయవచ్చని డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఎమెలైన్ హిల్ బృందం 2010లో చూపింది. కండ పట్టిన గుర్రం గేటు తెరుచుకోగానే వేగం అందుకుంటుంది. బక్కపలచగా పొడవుగా ఉన్నది నిలకడగా సాగుతుంది.

సెక్రటేరియట్ అంగ, ఎక్లిప్స్ ఎముకలు

పెద్ద అంగ గురించి ఎక్కడ చర్చ వచ్చినా అమెరికా గుర్రం సెక్రటేరియట్ పేరు వస్తుంది. 1973 జూన్ 9న బెల్మాంట్ స్టేక్స్‌లో ఒకటిన్నర మైళ్లను అది 2 నిమిషాల 24 సెకన్లలో ముగించింది. రెండో గుర్రం 31 గుర్రాల పొడవు వెనక ఉండిపోయింది. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. సగటు వేగం గంటకు 60 కిలోమీటర్లు. దాని అంగ దాదాపు 25 అడుగులని చెబుతారు. మీటర్లలో 7.6.

అయితే ఆ గెలుపును అంగకే ముడిపెడితే అసలు విషయం మరుగున పడుతుంది. ఒకటిన్నర మైళ్ల పొడవునా ఆ అంగను తగ్గకుండా నిలబెట్టడానికి రక్తం, ఆక్సిజన్ ఎడతెగకుండా అందాలి. సెక్రటేరియట్ చనిపోయాక పరీక్షించిన వైద్యుడు దాని గుండె బరువును సుమారు 10 కిలోలుగా అంచనా వేశాడు. మామూలు థరోబ్రెడ్ గుండె నాలుగు, నాలుగున్నర కిలోలు ఉంటుంది. తూకం వేసి చెప్పిన లెక్క కాదు కాబట్టి అంకెను పట్టుకుని కూర్చోనక్కర్లేదు. గుండె మాత్రం అసాధారణంగా పెద్దదన్నది స్పష్టం. పెద్ద అంగ ఉన్న గుర్రాలు చాలానే వచ్చాయి, మైలున్నర దాకా దాన్ని నిలిపినవి అరుదు.

దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ 18వ శతాబ్దపు ఎక్లిప్స్. 1764లో సూర్యగ్రహణం రోజున పుట్టిన ఈ గుర్రం బరిలోకి దిగిన 18 పందేల్లోనూ ఓడలేదు. ఈనాటి థరోబ్రెడ్ గుర్రాల్లో అత్యధికం దాని వంశంలోనివే. దాని ఎముకల గూడు రాయల్ వెటర్నరీ కాలేజీ దగ్గర ఉంది. పరిశోధకులు కాలి ఎముకలను కొలిచి చూస్తే విడ్డూరమైన పొడవేమీ కనిపించలేదు, కొలతలన్నీ సగటుగానే ఉన్నాయి. ఏ ఒక్క కొలతా అతిగా లేకపోవడమే దాని బలం కావచ్చన్నది వారి అభిప్రాయం. రీల్స్ చూసి గుర్రాన్ని అంచనా కట్టేవాళ్లకు సెక్రటేరియట్ తెలుసు, ఎక్లిప్స్ తెలియదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే విషయం పూర్తిగా అర్థమవుతుంది.

చీతా, గ్రేహౌండ్ తీరు వేరు

గుర్రం వెన్ను గట్టిది. దౌడులో అది వంగేది ఎక్కువగా తుంటి ముందు భాగంలోనే. చీతా, గ్రేహౌండ్ కుక్క మాత్రం వెన్నునంతా విల్లులా వంచి చాపుతాయి. ఒక అంగలో ఇవి రెండుసార్లు గాలిలోకి లేస్తాయి, ఒకసారి కాళ్లు ముడిచి, ఒకసారి చాచి. పాత చిత్రకారులు గుర్రానికి గీసిన భంగిమ నిజానికి వీటిది. గుర్రం బరువులో పదో వంతు ఉండే చీతా అంగ పొడవులో దాదాపు గుర్రంతో సమానంగా నిలవడానికి ఈ వెన్ను కారణం.

2012లో విల్సన్ బృందమే చీతాలను, గ్రేహౌండ్‌లను పోల్చి చూసింది. గ్రేహౌండ్ ఏ వేగంలోనైనా సెకనుకు ఇంచుమించు 3.5 అంగలే వేస్తుంది, వేగం పెంచేది అంగ పొడవుతో. చీతా మాత్రం వేగంతో పాటు జోరునూ 2.4 నుంచి 3.2 దాకా పెంచుకుంటూ పోయింది. రెండూ వేగానికి పేరుపడ్డవే, రెండింటి పద్ధతులూ వేరు. ప్రకృతిలోనే ఒక్క దారి లేనప్పుడు, రేసు గుర్రానికి ఒక్క సూత్రం చెప్పడం కుదరదు.

చివరి రెండు ఫర్లాంగులు

మలక్‌పేటలో గానీ ఇంకెక్కడైనా గానీ, ప్రేక్షకులు లేచి నిలబడేది చివరి 400 మీటర్లలో. వెనక నుంచి ఒక గుర్రం దూసుకొచ్చి అందరినీ దాటేస్తుంది. అది ఒక్కసారిగా వేగం పెంచిందని అందరూ అనుకుంటారు. చాలా పందేల్లో జరిగేది అది కాదు. గుర్రాలు తమ గరిష్ఠ వేగాన్ని అంతకు ముందే అందుకుని ఉంటాయి. చివర్లో అన్నీ నెమ్మదిస్తాయి. దూసుకొచ్చినట్టు కనిపించేది అందరికంటే తక్కువ నెమ్మదించిన గుర్రం.

అలసట ముందుగా బయటపడేది నేల దగ్గరే. కండరం తగ్గిన బలంతో నెడుతుంది కాబట్టి అదే పని పూర్తిచేయడానికి గిట్ట ఇంకొంచెం ఎక్కువసేపు నేల మీద ఉండాలి. ఒక్కో కాలికి వెయ్యో వంతు సెకన్ల లెక్కన పెరిగిన ఆ సమయం అంగల జోరును తగ్గిస్తుంది. ఆ తర్వాత అంగ పొడవూ తగ్గుతుంది. తడి నేల మీద ఇది ఇంకా ముందే మొదలవుతుంది. గిట్ట దిగబడే నేలలో నెట్టిన బలంలో కొంత మట్టికే పోతుంది. వానాకాలం పందేల టైమింగ్‌లను చలికాలం పందేలతో నేరుగా పోల్చకూడదనేది అందుకే.

ఇక్కడే రౌతు నైపుణ్యం పనికొస్తుంది. దౌడులో ఏ ముందుకాలు చివరగా పడుతుందో దాన్ని ‘లీడ్’ అంటారు. మలుపులో లోపలి వైపు కాలు లీడ్‌గా ఉంటే గుర్రం నిలకడగా తిరుగుతుంది. మలుపు దాటి నేరుగా ఉన్న భాగంలోకి రాగానే అనుభవం ఉన్న జాకీ లీడ్ మార్పిస్తాడు. అప్పటిదాకా ఎక్కువ భారం మోసిన కాళ్లకు ఊరట దొరుకుతుంది, తగ్గుతున్న అంగ కాసేపు నిలదొక్కుకుంటుంది.

జాకీ కూర్చునే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. పూర్వం జాకీలు నిటారుగా కూర్చునేవారు. 19వ శతాబ్దం చివర్లో రికాబులు పొట్టి చేసుకుని, జీను మీద ఆనకుండా ముందుకు వంగి ఉండే పద్ధతి వచ్చింది. ఆ మార్పు వ్యాపించిన కాలంలో రేసు టైమింగ్‌లు 5 నుంచి 7 శాతం మెరుగయ్యాయని 2009లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. ప్రతి అంగలోనూ గుర్రం ఒళ్లు కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి ఊగుతుంది. నిటారుగా కూర్చున్న రౌతు బరువును కూడా గుర్రమే అలా ఊపాల్సి వచ్చేది. వంగి ఉన్న జాకీ ఆ ఊపును తన మోకాళ్లతో తీసేసుకుంటాడు. గుర్రం అతని బరువు మోస్తుంది, కానీ అంగ అంగకూ ఆ బరువును ఆపి మళ్లీ కదిలించే పని తప్పుతుంది. జాకీకి అది ఒళ్లు హూనమయ్యే పని.

గాయానికి ముందు అంగ చెప్పేది

ఈ మధ్య ఈ చర్చ ఊపందుకోవడానికి పెద్ద కారణం సెన్సర్లు. జీను కింది గుడ్డలో పెట్టే చిన్న జీపీఎస్ పరికరంతో పందెం మొత్తంలో ప్రతి అంగ పొడవు, జోరు రికార్డవుతున్నాయి. పందెం అంచనాలకు వీటిని వాడుకునేవాళ్లు ఎలాగూ ఉన్నారు. అంతకంటే ముఖ్యమైన ఉపయోగం గుర్రం ప్రాణానికి సంబంధించినది.

కాలి ఎముక విరిగిన రేసు గుర్రాన్ని బతికించడం చాలాసార్లు సాధ్యం కాదు. విరగడం అప్పటికప్పుడు జరిగినట్టు కనిపించినా, ఎముకలో సన్నని పగుళ్లు వారాల ముందే మొదలవుతాయి. గుర్రం కుంటదు, మామూలు పరీక్షలో బయటపడదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వేల పందేల సెన్సర్ వివరాలు పరిశీలించి ఒక విషయం గమనించారు. పందెం పందేనికీ వేగం, అంగ పొడవు తగ్గుతూ వచ్చిన గుర్రాలకు ఎముకలు, కీళ్ల గాయాల ముప్పు ఎక్కువగా ఉంది. గాయానికి కొన్ని పందేల ముందు నుంచే ఆ తగ్గుదల కనిపించింది. ఒక గుర్రాన్ని ఇంకోదానితో పోల్చడం కంటే, అదే గుర్రాన్ని దాని పాత అంగతో పోల్చడం ఎక్కువ పనికొస్తుందన్నమాట. మన దేశంలోనూ ఈ పద్ధతి అన్ని రేస్‌కోర్సులకూ వస్తే ఎన్నో గుర్రాలు దక్కుతాయి. మామునూరు, కోరుట్ల కళాశాలల నుంచి బయటికొచ్చే పశువైద్యులకు ఇది పట్టు సాధించదగ్గ రంగం.

మైదానంలో ఉరికేవాళ్లకు ఇందులో ఉన్నది

2022 నోటిఫికేషన్ ప్రకారం తెలంగాణ పోలీసు పరీక్షలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. 1600 మీటర్లు గుర్రప్పందేల్లోనూ బాగా నడిచే దూరమే, మంచి గుర్రం దాన్ని 100 సెకన్లలోపే దాటేస్తుంది. మనిషి ఆ వేగాన్ని అందుకోలేడు, ఆ ప్రయత్నం అక్కర్లేదు కూడా. పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024 మేలో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్నవారి) విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. సగటున సెకనుకు 7.26 మీటర్లు. ఆ వేగం వెనుక ఉన్నది కాళ్లు చాచడం కాదు, ఏళ్ల తరబడి కట్టుకున్న బలం.

కావాలని అంగ పెంచితే పాదం ఒంటికి బాగా ముందు, మడమ మీద పడుతుంది. అలా పడిన ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టే. మోకాలి చిప్ప దగ్గర, ముంజంఘ ఎముక వెంట నొప్పులు ఎక్కువగా ఇలాగే మొదలవుతాయి. వేగం మార్చకుండా అడుగుల జోరును 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలు, తుంటి మీద పడే భారం తగ్గుతుందని 2011లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. అలాగని జోరును ఎడాపెడా పెంచినా ఊపిరి అందదు. అంగ దానంతట అది పెరగాలంటే పిక్క, తొడ, పిరుదుల కండరాలకు బలం రావాలి. గుట్ట ఎక్కుతూ ఉరకడం, గెంతులు, స్క్వాట్లు అందుకు పనికొస్తాయి.

ట్రాక్ మీద 1600 మీటర్లంటే నాలుగు రౌండ్లు. ప్రతి రౌండులో ఒకే 100 మీటర్ల భాగంలో అడుగులు లెక్కబెట్టి, ఆ భాగానికి పట్టిన సమయం స్నేహితుడితో నోట్ చేయించుకుంటే అంగ పొడవు, జోరు రెండూ తెలిసిపోతాయి. మొదటి రౌండు అంకెల పక్కన నాలుగో రౌండు అంకెలు పెట్టి చూడాలి. అడుగుల సంఖ్య పెరిగి సమయమూ పెరిగితే అంగ కుంచించుకుపోతోందని, బలం చాలడం లేదని అర్థం. అడుగుల సంఖ్య అంతే ఉండి సమయం మాత్రమే పెరిగితే జోరు పడిపోతోందని అర్థం. అప్పుడు మొదటి రౌండు కాస్త నిదానంగా మొదలుపెట్టి, దమ్ము కోసం దూరం పరుగులు పెంచుకోవాలి.